శోథహర, యకృద్రక్షక ఓషధులు: నామనిర్ణయ సమస్య

శరీరమునందలి వాపును తగ్గించునవియు, కాలేయమును కాపాడునవియు అని పేరుపొందిన ఓషధులు మన వైద్యగ్రంథములందు పెక్కు కలవు. గడచిన అర్ధశతాబ్దములో వీనినుండి తీసిన సారములపై ప్రయోగశాలలలో జరిగిన పరీక్షలును పెక్కు. నిఘంటువునందు ఒక ఓషధికి శోథహరమను గుణము చెప్పబడియుండును. ఆ పేరుగల మొక్క సారము ఎలుకపాదపు వాపును తగ్గించినదని ప్రయోగఫలితము వెలువడును. ఆ రెంటిని జోడించి, ప్రాచీనులు చెప్పినది నేడు రుజువైనదని వ్రాయుట పరిపాటి అయినది. ఈ జోడింపునకు ముందు తేలవలసిన ప్రశ్నలు రెండున్నవి. గ్రంథములోని పేరునకును ప్రయోగశాలలోని మొక్కకును అభేదము కలదా అనునది మొదటిది. గ్రంథము చెప్పిన గుణమును, ప్రయోగము కొలిచిన గుణమును ఒకటేనా అనునది రెండవది. రెండును శబ్దార్థ విచారమునకు చెందినవే. కావున వైద్యులు, రసాయన శాస్త్రజ్ఞులు మాత్రమే కాక, కోశములను చదివిన భాషాపండితులును చేయవలసిన పని ఇందు కలదు. ఆ పని జరుగకున్నచో రోగికి కలుగు నష్టమెట్టిదో పునర్నవ, నేల ఉసిరి, నేలవేము, తిప్పతీగ అను నాలుగు ఓషధులను ఉదాహరణములుగా గొని వివరించుట ఈ వ్యాసోద్దేశము.

శోథము, యకృత్తు: శబ్దార్థ విచారము

మొదట గుణవాచకములను పరిశీలింతము. శోథము, శోఫము, శ్వయథువు అనునవి పర్యాయపదములు. వీనిలో శ్వయథు శబ్దము గతివృద్ధ్యర్థకమైన శ్వి ధాతువుపై అథుచ్ ప్రత్యయము చేరుటచేత ఏర్పడినది. ఉబ్బుట, పెరుగుట అనునది దీని మూలార్థము. చరకసంహిత చికిత్సాస్థానమునందలి 12వ అధ్యాయము శ్వయథు చికిత్సకు సంబంధించినది. అందలి శోథము దెబ్బ తగిలినచోట ఎఱ్ఱబడి, వేడెక్కి, నొప్పిపెట్టు వాపు మాత్రమే కాదు. కాళ్లయందును, ముఖమునందును, సర్వాంగములందును నీరు చేరుటచేత కలుగు ఉబ్బును శోథమే. నేటి వైద్యులు గుండె, మూత్రపిండములు, కాలేయము చెడుటచేత వచ్చు నీటివాపుగా చెప్పునది చాలవరకు ఈ శబ్దముననే ఇమిడియున్నది.

పాశ్చాత్య వైద్యమున ఇన్‌ఫ్లమేషన్ అనునది దీనికంటె సంకుచితమైన భావము. ఎఱుపు, వాపు, వేడి, నొప్పి అను నాలుగు లక్షణములను క్రీ.శ. 1వ శతాబ్దమున రోమను రచయిత సెల్సస్ దానికి చెప్పెను. నాలుగింటిలో వాపు ఒకటి మాత్రమే. సుశ్రుతసంహిత సూత్రస్థానము 17వ అధ్యాయమున ఆమము, పచ్యమానము, పక్వము అను మూడు దశలుగా వర్ణింపబడిన శోఫము ఈ భావమునకు మిక్కిలి సన్నిహితము. కాళ్లకు నీరు పట్టుట దీనికి దూరము. కనుక మూత్రమును అధికముగా వెడలించి నీటివాపును తీయు ఓషధియు శోథహరమే. వ్రణమునందలి తాపమును, నొప్పిని అణచు ఓషధియు శోథహరమే. పేరొకటి, పని వేరు.

ప్రయోగశాలలో శోథమును కొలుచుటకు 1962లో వెలువడిన ఒక పద్ధతి నేటికిని విరివిగా వాడుకలో నున్నది. ఎఱ్ఱని సముద్రపు నాచునుండి తీసిన క్యారజీనన్ అను పదార్థమును ఎలుకపాదమున సూదితో ఎక్కించి, కొన్ని గంటలలో పాదము ఎంత ఉబ్బినదో కొలుతురు. తొలిదశలో హిస్టమిన్, సెరటోనిన్ అనునవియు, తరువాతి దశలో ప్రోస్టాగ్లాండిన్లును ఈ వాపునకు కారణములు. ఇది తాపముతో కూడిన వాపునకు పరీక్షయే కాని, ఉదరరోగమున కాళ్లకు చేరు నీటికి పరీక్ష కాదు. గ్రంథోక్తమైన శోథహరత్వము రెండవ అర్థమునకు చెందినదైనచో, మొదటి అర్థపు పరీక్ష దానిని నిలబెట్టనూ లేదు, కొట్టివేయనూ లేదు.

యకృత్తు విషయమున భేదము ఇంకను సూక్ష్మమైనది. చరకుడు విమానస్థానమున యకృత్తును, ప్లీహమును రక్తవహ స్రోతస్సులకు మూలములుగా చెప్పెను. కామల పాండురోగ చికిత్సాధ్యాయమున, అనగా చికిత్సాస్థానము 16వ అధ్యాయమున, వర్ణింపబడినది. మన పచ్చకామెర్లు అను మాటకు మూలము ఈ కామల శబ్దమే. కోష్ఠమును, శాఖలను ఆశ్రయించి పిత్తము విస్తారముగా పెరుగుటచేత వచ్చునది ఒక విధము. కఫముచేత పిత్తమార్గము అడ్డగింపబడి, మలము నువ్వులపిండివలె తెల్లబారునది రెండవ విధము. పిత్తవాహికకు రాయియో, గడ్డయో అడ్డుపడినపుడు కనబడు లక్షణము ఇదియే. కారణము వేరైనపుడు చికిత్స వేరని చరకుడు స్పష్టముగా విభజించెను. యకృద్రక్షకము అను నేటి మాట హెపటోప్రొటెక్టివ్ అను ప్రయోగశాలా పరిభాషకు చేసికొన్న అనువాదము. అది ఏ కామలకు, ఏ దశలో అను వివక్షను తుడిచివేసి, అన్నింటిని ఒక్క విశేషణముక్రింద చేర్చుచున్నది. ఈ ఒక్క విషయమున ప్రాచీన విభాగమే ఆధునిక ప్రకటనలకంటె శాస్త్రీయముగా నున్నది.

పునర్నవ, గలిజేరు

శోథహర ద్రవ్యములలో అగ్రగణ్యము పునర్నవ. అమరకోశము వనౌషధి వర్గమున దీనికి శోథఘ్ని అను పర్యాయము కలదు, గుణమే పేరైనది. వేసవిలో పైభాగము ఎండిపోయి, వానకాలమున వేరునుండి మరల చిగిర్చును గనుక పునర్నవ అయినది. ఈ నిర్వచనము కేవలము అందమైన మాట కాదు, మొక్కను గుర్తించుటకు ఉపకరించు ఆనవాలు. లావుపాటి వేరు కలిగి, అనేక సంవత్సరములు బ్రతుకు మొక్కకే ఈ పేరు అన్వయించును.

చరకుని స్వేదోపగ గణమునందును, కాసహర గణమునందును వృశ్చీరము, పునర్నవ అని రెండు పేర్లు ప్రక్కప్రక్కనే వేరువేరుగా పఠింపబడినవి. వృశ్చీరమనగా శ్వేతపునర్నవ అనియు, రెండవది రక్తపునర్నవ అనియు వ్యాఖ్యాన సంప్రదాయము. ఇక్కడనే చిక్కు మొదలగుచున్నది. నేడు రక్తపునర్నవగా ఔషధకోశము అంగీకరించినది బోఎర్హావియా డిఫ్యూసా. హాలండు దేశపు వైద్యుడు హెర్మన్ బోఎర్హావ్ పేర ఏర్పడిన ప్రజాతి ఇది. తెలుగున దీనిని అటికమామిడి యనియు, ఎఱ్ఱ గలిజేరు అనియు అందురు. తెల్ల గలిజేరు అని మన ప్రాంతమున కూరగా వండుకొనునది ట్రయాంథీమా పోర్టులకాస్ట్రమ్. ఇది వేఱొక కుటుంబమునకు చెందిన ఏకవార్షికము. గలిజేరు అను ఒక్క మాటకు ఎఱుపు, తెలుపు అను విశేషణములు చేర్చుటచేత, ఇవి ఒకే మొక్కలోని రెండు రకములను భ్రమ కలుగుచున్నది. సంస్కృతమున రక్త, శ్వేత విభాగము కలదు గనుక ఆ భ్రమ శాస్త్రసమ్మతమువలె కనబడుచున్నది.

కంటితో చూచిన భేదము తెలియును. రెంటికిని ఆకులు ఎదురెదురుగా, ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా నుండును, పోలిక అంతవరకే. అటికమామిడికి పూవులు సన్నని కొమ్మల చివర చిన్న గుత్తులుగా వచ్చును. కాయలు ఐదు గీతలు కలిగి, జిగురుతో బట్టలకు అంటుకొనును. తెల్ల గలిజేరు కండగల మొక్క. దాని పూవు ఒంటరిగా ఆకుతొడిమ మొదట తొడుగులో దాగియుండును; గింజలు నల్లగా మూత్రపిండాకారమున నుండును. అటికమామిడి వేరునందు బోరవినోనులు అను రొటినాయిడ్లు కలవు. ఈ మొక్కపై జరిగిన పరీక్షాఫలితమును చూపి తెల్ల గలిజేరును సేవింపుమని రోగికి చెప్పుట, ఒకని యోగ్యతాపత్రముతో మఱియొకని కొలువులో చేర్చుటవంటిది.

నేల ఉసిరి

కాసహర గణమునందే పునర్నవ తరువాత తామలకి పఠింపబడినది. భావప్రకాశము దీనిని భూమ్యామలకిగా పేర్కొని బహుపత్ర, బహుఫల అను పర్యాయములను చేర్చినది. తెలుగున నేల ఉసిరి. సన్నని రెమ్మకు ఇరువైపుల వరుసగా చిన్న ఆకులును, రెమ్మ అడుగుభాగమున గుండ్రని చిన్న కాయలును ఉండుటచేత ఉసిరికతో పోలిక ఏర్పడినది. పచ్చకామెర్లకు దీనిని నూరి మజ్జిగతో ఇచ్చు వాడుక తెలుగు పల్లెలలో నేటికిని కలదు.

ఆధునిక వృక్షశాస్త్రమున దీనిని చిరకాలము ఫిల్లాంథస్ నిరూరి అని వ్రాసిరి. ఆ పేరు 1753లో లిన్నేయస్ పెట్టినది. 1950ల దశకమున అమెరికా శాస్త్రజ్ఞుడు గ్రేడీ వెబ్‌స్టర్ ఈ ప్రజాతిని శ్రద్ధగా పరిశీలించి, నిజమైన నిరూరి అమెరికా ఖండపు మొక్క అనియు, భారతదేశమున ఆ పేరుతో చెలామణి యగుచున్నవి వేఱు జాతులనియు తేల్చెను. వానిలో ముఖ్యములు ఫిల్లాంథస్ అమరస్, ఫిల్లాంథస్ ఫ్రాటర్నస్. అమరస్ పుష్పమునకు రక్షకపత్రములు ఐదు, ఫ్రాటర్నస్ పుష్పమునకు ఆరు. భూతద్దము లేక ఈ భేదము తెలియదు. భారత ఆయుర్వేద ఔషధకోశము తామలకికి ఫ్రాటర్నస్‌ను గ్రహించినది. ఆధునిక పరిశోధనలలో పెక్కు అమరస్‌పై జరిగినవి. వెబ్‌స్టర్ నిర్ణయము తరువాతను అనేక ప్రయోగపత్రములలో నిరూరి అను పేరే కొనసాగుటచేత, ఏ పత్రమున ఏ మొక్కను పరీక్షించిరో నిర్ణయించుట కష్టమైనది.

ఈ నామసంకరము కేవలము పుస్తకవివాదము కాదని 1988 నాటి ఘటన తెలుపుచున్నది. మద్రాసులో ఎస్. పి. త్యాగరాజన్ ప్రభృతులు, హెపటైటిస్ బి వైరసును కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బరూక్ బ్లంబర్గ్‌తో కలిసి, ఆ వైరసును దేహమున మోయుచున్నవారికి అమరస్ చూర్ణమును 30 దినములు ఇచ్చిరి. ఫలితములు లాన్సెట్ పత్రికలో వెలువడినవి. ఔషధము తీసికొన్న 37 మందిలో 22 మందికి, అనగా నూటికి 59 మందికి, రక్తమున వైరసు ఉపరితల ప్రతిజనకము కనబడకపోయెను. ఉత్తుత్తి మందు తీసికొన్న 23 మందిలో ఒక్కనికి మాత్రమే అట్లు జరిగెను. ప్రపంచమంతయు ఆశతో చూచినది. కాని 1990లో థాయ్‌లాండ్ పరిశోధకులు తమ దేశపు అమరస్‌తో ఇట్టి ప్రయోగమునే చేసి, ప్రయోజనము లేదని అదే పత్రికలో ప్రకటించిరి. మొక్క పెరిగిన నేల వేఱా, కోసిన కాలము వేఱా, జాతియే వేఱా అను చర్చ సాగెను. అటుపిమ్మట జరిగిన పెక్కు ప్రయోగములను కలిపి పరిశీలించిన 2011 నాటి కోక్రేన్ సమీక్ష, ఉత్తుత్తి మందుతో పోల్చినపుడు ఈ ప్రజాతి మొక్కలు దీర్ఘకాలిక హెపటైటిస్ బి రోగులకు మేలు చేయునని నమ్మదగిన ఆధారము లేదని నిర్ణయించినది.

ఇందు గ్రహింపదగిన విషయము మఱియొకటి కలదు. కలుషితమైన నీటిద్వారా వ్యాపించు హెపటైటిస్ ఎ, ఇ వైరసులవలన వచ్చు కామెర్లు అత్యధికులలో కొన్ని వారములకు తమంతట తామే తగ్గిపోవును. ఆ కాలమున ఏ ఆకు మ్రింగినను ఆ ఆకే తగ్గించినట్లు తోచును. నేల ఉసిరికి వచ్చిన కీర్తిలో ఈ స్వభావసిద్ధమైన ఉపశమనమునకు గల భాగమెంతయో పోలికకు వేఱొక సమూహము లేక చేసిన పరీక్ష తేల్చజాలదు. కాని గర్భిణికి చివరి మాసములలో హెపటైటిస్ ఇ ప్రాణాంతకము కావచ్చును. హెపటైటిస్ బి ఏండ్లతరబడి నిలిచి కాలేయమును గట్టిపరచును. నేడు దీనికి శిశువులకు ఇచ్చు టీకాయు, వైరసును అణచు టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మందులును కలవు. ఇట్టి రోగి ఆకుమందుపై ఆధారపడి గడుపు ప్రతి సంవత్సరమును నష్టమే.

నేలవేము

పర్యాయపదమే ప్రత్యామ్నాయమునకు దారితీసిన విచిత్రమైన ఉదాహరణము నేలవేము. అమరకోశమున కిరాతతిక్తము, భూనింబము, అనార్యతిక్తము అనునవి ఒక వస్తువునకే పేర్లు. కిరాతతిక్తమనగా కిరాతుల దేశమందలి చేదు. హిమాలయ ప్రాంతమున పెరుగు స్వెర్షియా చిరాయిత అని ఔషధకోశ నిర్ణయము. భూనింబమును మాటకు మాటగా తెలిగించిన నేలవేము అగును. అరవమున నిలవేంబు అనునదియు ఇట్టిదే. కాని నేలవేము అని మన నేలపై పెరుగునది ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. కేరళమున దీనికి కిరియాత్తు అను పేరు కూడ కలదు. అందు కిరాత శబ్దమే ధ్వనించుచున్నది. హిమాలయపు మొక్క దక్షిణమునకు సులభముగా రానందున, దాని పేరు మాత్రము వచ్చి ఇక్కడి చేదుమొక్కపై నిలిచినది.

రెండును మిక్కిలి చేదు. రెండును జ్వరహరములుగా ప్రసిద్ధములు. అయినను స్వెర్షియా చేదునకు అమరోజెంటిన్ మున్నగునవియు, నేలవేము చేదునకు ఆండ్రోగ్రాఫోలైడును కారణములు. రెండు మొక్కల కుటుంబములును వేఱు. నేలవేముపై ఆధునిక విజ్ఞానము గణనీయమైనది. శోథమును రగుల్చు జన్యువులను మేల్కొలుపు ఎన్ఎఫ్ కప్పాబి అను ప్రోటీను కణమున కలదు. ఆండ్రోగ్రాఫోలైడు దాని పి50 అను భాగమునందలి 62వ స్థానపు సిస్టీనుతో బంధమేర్పరచుకొని, అది డి.ఎన్.ఎ.ను పట్టుకొనకుండ చేయునని 2004లో వెల్లడియైనది. ఇట్లు శోథహరత్వమునకు అణుస్థాయిలో కారణము చూపగలుగుట గొప్ప విషయమే. కాని ఈ కీర్తి నేలవేమునకు చెందును, కిరాతతిక్తమునకు కాదు. కిరాతతిక్తము పేర గ్రంథములందున్న యోగముల గుణములకు ఆండ్రోగ్రాఫోలైడును సాక్ష్యముగా తెచ్చుట, నామసామ్యమును వస్తుసామ్యముగా గ్రహించుటయే.

ప్రత్యామ్నాయము దోషమని దీని భావము కాదు. ఒక ద్రవ్యము దొరకనపుడు దాని స్థానమున దేనిని గ్రహింపవలెనో భావప్రకాశమే ప్రతినిధి ద్రవ్యములుగా పేర్కొన్నది. దారుహరిద్రకు ఉత్తరదేశమున బెర్బెరిస్ అరిస్టేటాను, దక్షిణమున మ్రానిపసుపు అనబడు కోసినియం ఫెనెస్ట్రేటమును వాడుదురు. ఇవియు వేఱు కుటుంబములవే అయినను రెంటియందును బెర్బెరిన్ అను పసుపుపచ్చని క్షారాభము కలదు. ఇక్కడ ప్రతినిధి సార్థకము. ఏ ప్రతినిధి సార్థకము, ఏది పేరునకు మాత్రమే ప్రతినిధి అనునది ఒక్కొక్క ద్రవ్యమునకు విడివిడిగా తేల్చవలసిన విషయము.

కషాయము, సారము

వస్తువు తేలిన తరువాతను కల్పన అను ప్రశ్న మిగిలియుండును. స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని పంచవిధ కషాయకల్పనలు. శార్ఙ్గధరుడు క్వాథమునకు ద్రవ్యమునకు 16 రెట్లు నీరుపోసి 8వ వంతు మిగులునట్లు కాచవలెనని చెప్పెను. ప్రయోగశాలలో సారము తీయుటకు తఱచుగా వాడునది మిథనాలు, ఇథనాలు వంటి ద్రావకములు. నీటిలో కరగునవి, మద్యసారమున కరగునవి ఒకటి కావు. ఆండ్రోగ్రాఫోలైడు నీటిలో మిక్కిలి స్వల్పముగా కరగును, మిథనాలులో బాగుగా కరగును. కావున మిథనాలు సారమునకు వచ్చిన ఫలితము ఇంటిలో కాచిన కషాయమునకు వర్తించునని ముందే అనుకొనరాదు.

యకృద్రక్షణ పరీక్షలయందు మఱియొక మెలిక కలదు. ఎలుకకు కార్బన్ టెట్రాక్లోరైడును ఇచ్చి కాలేయమును చెఱచుట ప్రసిద్ధమైన పద్ధతి. ఈ పదార్థము ఉన్నదున్నట్లుగా అంత హానికరము కాదు. కాలేయమునందలి సైటోక్రోమ్ పి450 అను ఎంజైముల సముదాయము దీనిని ట్రైక్లోరోమిథైల్ రాడికలుగా మార్చును. ఆ రాడికలే కణపొరలయందలి కొవ్వును చెఱచును. కణములు పగిలి ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అను ఎంజైములు రక్తమునకు చేరును. ఓషధిసారము ఆ సైటోక్రోమును అణచినచో విషము పుట్టనే పుట్టదు. రక్తమున ఎంజైములు పెరుగవు. కాలేయము రక్షింపబడినట్లు లెక్క తేలును. వాస్తవమునకు జరిగినది విషోత్పత్తి నిరోధమే కాని కాలేయపు స్వస్థత కాదు. పైగా పెక్కు పరీక్షలలో ఓషధిని విషమునకు ముందే కొన్ని దినములు ఇత్తురు. రోగి వైద్యునికడకు వచ్చునది రోగము వచ్చిన తరువాత. వైరసుచేతనో, మద్యముచేతనో, పిత్తవాహికలోని రాతిచేతనో చెడిన కాలేయమునకు ఈ ఫలితము నేరుగా అన్వయింపదు. ఓషధికి గుణము లేదని దీని అర్థము కాదు. ఆ పరీక్ష చెప్పగలిగినది ఇంతమాత్రమే అని అర్థము.

తిప్పతీగ

నామనిర్ణయము ప్రాణసంబంధమైన విషయమని ఇటీవలి కాలమున తిప్పతీగ చర్చ స్పష్టపఱచినది. గుడూచి, అమృత అని సంస్కృతమున పేర్లు. చరకుని వయఃస్థాపన గణమునకు ఇదియే ఆదిద్రవ్యము. శాస్త్రనామము టైనోస్పోరా కార్డిఫోలియా. కోవిడ్ కాలమున వ్యాధినిరోధకశక్తికై దీనిని అసంఖ్యాకులు, పెక్కుమంది వైద్యుని సలహా లేకయే, దినదినమును సేవించిరి. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ సేవించినవారిలో కాలేయశోథము పొడసూపిన కొన్ని ఉదంతములను ప్రకటించిరి. 2022లో దేశమునందలి పలు కేంద్రముల వైద్యులు కలిసి 43 మంది రోగుల వివరములను వెలువరించిరి. దేహపు రక్షణవ్యవస్థయే కాలేయముపై తిరుగబడు లక్షణములు వీరిలో పలువురికి కనబడెను. ఆయుష్ మంత్రిత్వశాఖ దీనిని అంగీకరింపక, తిప్పతీగ నిరపాయమనియు, దానిని పోలిన టైనోస్పోరా క్రిస్పా అను వేఱొక తీగ హానికరము కావచ్చుననియు, గుర్తింపులో పొరపాటు జరుగుటకు అవకాశము కలదనియు వాదించెను.

ఈ వాదములో ఎవరిది సత్యము అనునది ఒక్క ప్రశ్నపై ఆధారపడియున్నది: ఆ రోగులు మ్రింగినది ఏ తీగ? దొడ్డిలో కోసికొన్నవాని విషయమున ఈ ప్రశ్నకు సమాధానము దుర్లభము. క్రిస్పా కాండముపై బుడిపెలు మిక్కుటముగా నుండును. గుడూచి కాండముపై అంత ప్రస్ఫుటముగా నుండవు. ఈ ఒక్క ఆనవాలైనను అమ్మువానికి, కొనువానికి తెలిసినచో కొంత మేలు. అదియునుగాక, సరియైన తీగయే అయినను, ఓషధి గనుక అపాయము లేదని నిశ్చింతగా నుండరాదు. కాలేయమును కాపాడునని పేరుపొందిన పదార్థము కాలేయముద్వారానే పోవలెను. ఆకలి మందగించి, మూత్రము పచ్చబడి, కన్నులు పసుపువన్నెకు తిరిగినపుడు వెంటనే ఆపి రక్తపరీక్ష చేయించుకొనుట కర్తవ్యము. మగత, మాటతడబాటు, రక్తస్రావము తోడైనచో ఒక్క దినము కూడ ఆలస్యము తగదు.

ఉపసంహారము

చక్రదత్తమునందలి పునర్నవాష్టక క్వాథమును ఒకమాఱు తలచుకొన్నచో పైన చెప్పినదంతయు ఒక్కచోట కనబడును. పునర్నవ, నింబము, పటోలము, శుంఠి, తిక్త, అమృత, దార్వి, అభయ అనునవి ఎనిమిది. సర్వాంగశోథమునకును, పాండురోగమునకును ఇది చెప్పబడినది. తెలుగు వైద్యుడు దీనిని కూర్చునపుడు పునర్నవ స్థానమున అటికమామిడియా తెల్ల గలిజేరా అని నిర్ణయింపవలెను. తిక్త యనగా కటుకరోహిణి. హిమాలయములందు కొల్లగొట్టబడి తగ్గిపోవుటచేత దాని అంతర్జాతీయ వాణిజ్యముపై 1997లో నియంత్రణ ఏర్పడినది. అంగడిలో దొరకునది అదియేనా అని చూడవలెను. అమృత విషయమున తీగను గుర్తింపవలెను. దార్వి స్థానమున మ్రానిపసుపు గ్రాహ్యమా అని ఆలోచింపవలెను. ఎనిమిదింటిలో నాలుగు పేర్లు సందిగ్ధములు. వానిని తేల్చక ఈ క్వాథమునకు గుణము కలదనియు లేదనియు పరీక్షచేసి చెప్పినను, ఆ మాట దేనిని గూర్చినదో తెలియదు.

కావున ఓషధీసారములపై పరిశోధన చేయువారు గ్రంథనామము, ప్రాంతీయనామము, శాస్త్రనామము అను మూడింటిని కలిపి వ్రాయవలెను. పరీక్షించిన మొక్క నమూనాను ఎండబెట్టి వృక్షశాలలో భద్రపఱచి, దాని సంఖ్యను పత్రమున పేర్కొనవలెను. ఏ అంగము, ఏ ఋతువు, ఏ ద్రావకము అనునవి విడువరాదు. ప్రాచ్యవిద్యాభ్యాసము చేసినవారి వంతు మఱియొకటి. బసవరాజీయము వంటి తెలుగు వైద్యుల సంస్కృత గ్రంథములందలి తెలుగు టిప్పణములను, వస్తుగుణ గ్రంథములందలి పేర్లను, తాళపత్రములందలి పాఠభేదములను సేకరించి, ఏ కాలమున ఏ సీమలో ఏ పేరు ఏ మొక్కకు వాడబడినదో పట్టికగా కూర్చవలెను. వ్యాఖ్యాతలు ఇచ్చిన ఆనవాళ్లను వృక్షశాస్త్రజ్ఞునితో కూర్చుండి, మొక్కను ఎదుట పెట్టుకొని సరిచూడవలెను. ఈ పని ఏ ఒక్క శాస్త్రమువారికిని ఒంటరిగా సాధ్యము కాదు. పర్యాయపదములను వల్లించుట విద్యార్థి దశలో పరీక్షకొఱకు చేయు పనిగా కనబడును. కాని శోథఘ్ని అను పేరు విని మందు కొనుటకు వచ్చిన రోగి చేతిలో ఏ వేరు పడునన్నది ఆ పర్యాయముల నిర్ణయముపైననే ఆధారపడియున్నది.